పటంలో సొరకాయ

నలభై ఏళ్ళయింది నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి. నలభై ఏళ్ళుగా ఒకే పొయ్యి, ఒకే కిమ్చీ పచ్చడి జాడీ. మా అత్తయ్య బున్యే తుమ్మితే ఎందుకు తుమ్మిందో చెప్పగలను. కానీ ఆవిడ సోంగి చోటు ఎక్కడో మాత్రం నాకు తెలీదు. చెప్పలేదు మహాతల్లి!

సోంగి రుచి తెలియని వాళ్ళకి నా ఏడుపు అర్థం కాదు. సెప్టెంబరు చివర్లో మా ఊరి వెనక కొండమీద, ముసలి పైన్ చెట్ల మొదళ్ళలో, రాలిన ఆకుసూదుల్ని నెట్టుకుని తలెత్తే పుట్టగొడుగు అది. సాగు చేద్దామంటే కుదరదు. చెట్టు కొట్టేస్తే దాంతోపాటే పోతుంది. ఒకసారి వచ్చిన చోటే ఏటేటా వస్తుంది. కొండ ఊరంతటికీ ఉమ్మడి, చోటు మాత్రం ఎవరిది వాళ్ళదే. ఆ చోటు మొగుడు పెళ్ళానికి చెప్పడు, పెళ్ళాం మొగుడికి చెప్పదు. చెప్పేది ఒక్కసారే, పోయే ముందు, ఒక్కరికి, చెవిలో.

ఆ నెలంతా మా ఊళ్ళో అందరూ దొంగలే. తూర్పుకి వెళ్ళాల్సినవాడు పడమటి బాట పడతాడు. దిగేటప్పుడు బుట్టమీద ఫెర్న్ ఆకులు కప్పుకుని, ఏదో కూరాకు కోసుకొస్తున్నట్టు నడుస్తారు. కొండమీద ఇద్దరు ఎదురుపడ్డారనుకోండి, "కాళ్ళు పట్టేస్తే కాస్త నడుద్దామని వచ్చా" అంటాడు ఒకడు. "నేనూ అంతే" అంటాడు రెండోవాడు. చలికాలంలో ఎవరి చోటుకి వాళ్ళు ఒంటరిగా పోయి పొదలు కోసి, సూదులు పైపైన దువ్వి వస్తారు. నేల మరీ మెత్తగా కప్పుకుని పడుకుంటే సోంగి లేవదు మరి. ఆ పనికి ఎక్కినా అడిగేది అదే, చెప్పేది అదే. కాళ్ళు పట్టేశాయి!

అత్తయ్యకి ఇప్పుడు ఎనభై ఆరు. రెండేళ్ళ కిందట మోకాలికి ఆపరేషన్ అయింది. అప్పట్నుంచీ కొండెక్కలేదు. నాకు దిగులు పట్టుకుంది. పక్కింటి తాల్సూ వాళ్ళమ్మకి ఒకరోజు పొద్దున్నే నోరు పడిపోయింది. మూడు నెలలు కళ్ళతో ఏదో చెప్పాలని చూసి చూసి పోయింది. ఆవిడ చోటు ఆవిడతోనే పోయింది. మా ఇంట్లోనూ అలాగే అయితే?

"అత్తయ్యా, ఆ చోటేదో చెప్పేస్తే నేను పోయి పొదలు కోసి వస్తా కదా" అనేదాన్ని.

"నేనేమన్నా పోతున్నానా ఇప్పుడు?" అనేది, అడుగునుంచి సెగ తగిలే వెచ్చటి నేలమీద కాళ్ళు చాపుకుని చీట్ల పేక పరుచుకుంటూ.

"అంత మాటెందుకు! ఊరికే అడిగా."

"ఊరికే అడిగేవాళ్ళకి ఊరికే చెప్పేదేం కాదది."

ఒళ్ళు మండేది నాకు. పుట్టగొడుగుల కోసం కాదండీ నా ఆరాటం. ఈ ముసలిది నన్ను తనదాన్ని అనుకుందా, లేక నలభై ఏళ్ళూ వంట చేసిపెట్టిన పరాయిపిల్లని అనుకుందా? అదొక్కటి తేలాలి నాకు. మా ఆయన్ని అడిగితే, ఆయన సగం రోజులు పీతల పడవ మీదే ఉంటాడు, "మా అమ్మ నాకూ చెప్పలేదుగా" అని చేతులు దులుపుకున్నాడు. కొడుక్కి చెప్పకపోవడం వేరు, నాకు చెప్పకపోవడం వేరు. అది ఈ మగాళ్ళకి ఏం తెలుస్తుంది!

నాకూ ఒక చోటు ఉందిలెండి. దాచడం ఎందుకు, ఇప్పుడు ఊరంతటికీ తెలిసిపోయింది. పెళ్ళయిన నాలుగో ఏడు, ఇరవై అయిదేళ్ళ వయసులో, ఎవరి సాయం లేకుండా నేనే కనుక్కున్నా. ఉత్తరపు వాలులో గొడుగులాంటి బండ ఉంది, దాని పైన. ఆ రోజు నేనెక్కింది వేరే పనికి. నీలంగుడ్డ చుట్టిన కొడవలి ఒకటి అత్తయ్య అటువైపు ఎక్కడో జారవిడిచిందట, పోయి వెతుక్కురమ్మంది. కొడవలి దొరకలేదు గానీ, నేలమీద ఒక్క పొద లేని చోట పదకొండు సోంగులు కనబడ్డాయి. సూదులు కప్పేసి, ఇంటికొచ్చి, "లేదు అత్తయ్యా, ఎంత వెతికినా దొరకలేదు" అన్నా. "పోతే పోయింది, ఇనుప ముక్కేగా" అంది. చెప్పకపోతే పోనీ, నా చోటు నాకుందిలే అని ముప్పై ఆరేళ్ళుగా లోపల్లోపల మీసం మెలేస్తున్నా.

మా కోడలు మిన్జీకి నేనూ చెప్పలేదనుకోండి. అది పోహాంగ్ పట్నంలో పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. చీమని చూసినా కెవ్వుమంటుంది. దానికి చోటు చెప్పి ఏం లాభం?

సరే, అసలు సంగతికొస్తా. చలికాలం చివర్నుంచి వేసవి మొదలుదాకా నాది మంటల కాపలా ఉద్యోగం. ఎర్ర టోపీ, ఎర్ర చొక్కా, స్కూటరుకి మైకు. "పొలం గట్లు తగలబెట్టకండి, కొండ కింద చెత్త కాల్చకండి" అని రోజుకి ఆరుసార్లు ఊరు చుట్టి వస్తా. ఉత్తరంగా ఉన్న లోయలో నాలుగేళ్ళ కిందట మంటలు లేచి తొమ్మిది రోజులు ఆగలేదు. అప్పట్నుంచి ఎవరింటి చిమ్నీలో పొగ కాస్త లావుగా వచ్చినా స్కూటరు అటు తిప్పేస్తా.

ఈ ఏడు ఫిబ్రవరిలో ఊరి పెద్ద ప్యో ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. ముప్పై దాటి ఉండవు. బురద బూట్లు, వీపున పెద్ద సంచి.

"అటవీ పరిశోధన వాళ్ళు పంపారు. హారిమ్ డాక్టరుగారు" అన్నాడు. "కొండమీద దారి చూపించడానికి నిన్ను మించినవాళ్ళు లేరని చెప్పా, ఓక్బున్."

"ఒంట్లో బాలేనిదెవరికి?" అంది లోపల్నుంచి అత్తయ్య.

"కొండకండీ అవ్వా" అంది ఆ పిల్ల నవ్వుతూ. "కొండలో మంటకి మేత ఎంతుందో లెక్క కట్టాలి."

పదిరోజులు దానితో తిరిగా. మంచి పిల్ల. కొండెక్కుతుంటే ఆయాసపడేది గానీ కూర్చుందామనేది కాదు. నేలమీద సూదుల మందం స్కేలు గుచ్చి చూసేది. బెత్తెడు. దాని మీద పొద ఎంతెత్తుందో కొలిచేది. పొద మీదికి వంగిన ఎండుకొమ్మ ఎంత కిందనుందో కొలిచేది.

"చూడండి పిన్నిగారూ, నేలమీద మంటకి సూదులు మొదటిమెట్టు. పొద రెండోమెట్టు. ఈ ఎండుకొమ్మ మూడోది. ఇవన్నీ ఉంటే మంట మెట్లెక్కినట్టు ఎక్కి చెట్టు తలకి అంటుకుంటుంది. ఆ పైన గాలి ఎటు తీసుకుపోతే అటే."

"అది నాకు నువ్వు చెప్పాలా తల్లీ! ఆ తొమ్మిది రోజులూ నేను చూశా."

"మీరు కళ్ళతో చూశారు. దీంతో ముందే చూడొచ్చు" అని సంచిలోంచి డ్రోన్ తీసింది. నాలుగు రెక్కల పురుగు, పొట్టకింద ఒక డబ్బా. ఆ డబ్బా లేజర్ వెలుగు చిమ్ముతుందట. జుయ్‌మంటూ లేచి, కొండమీద నాగలి సాళ్ళు వేసినట్టు అటూ ఇటూ తిరిగింది. మేం కింద పదిచోట్ల కొలుస్తాం, అది పైనుంచి కొండంతా కొలుస్తుంది, రెండూ సరిచూసుకుంటారు. అదీ పద్ధతి. నా చోటు దగ్గరికి మాత్రం ఆ పిల్లని పోనివ్వకుండా, అటు పాములున్నాయని ఒకరోజు, లోయ జారుడని ఒకరోజు చెప్పి తప్పించా. ఫిబ్రవరిలో పాములేమిటని అది అడగలేదు, నా అదృష్టం.

ఒక మధ్యాహ్నం భోజనానికి ఇంటికి తీసుకొచ్చా. అత్తయ్య దాని గిన్నెలో బంగాళాదుంప పులుసు పోస్తూ అడిగింది, "ఆ ఎగిరేది చెట్ల తలలే కదమ్మా చూసేది?"

"లేదవ్వా. ఆకుల సందుల్లోంచి వెలుగు దూరి నేలని తాకి వెనక్కొస్తుంది. ఎక్కడ పొద ఉంది, ఎక్కడ లేదు, ఉంటే ఎంతెత్తు, అన్నీ తెలుస్తాయి."

అత్తయ్య గరిట గాల్లోనే ఆగిపోయింది.

"చెట్టుకింద... పొద లేని చోటు కూడానా?"

"అది మరీ బాగా తెలుస్తుంది."

"ఈ సంగతి ఊళ్ళోవాళ్ళకి తెలుసా?"

"ఏ సంగతవ్వా?"

"ఏం లేదు. ఇంకాస్త పోసుకో" అంది అత్తయ్య. ఆవిడ పెదవులు ఎందుకు వణుకుతున్నాయో నాకు అప్పుడు తట్టలేదు. నవ్వాపుకుంటోంది ముసలిది!

మార్చి మొదటివారంలో ఊరి హాల్లో సమావేశం పెట్టారు. నలభై గడపల ఊరు, అందరూ వచ్చారు. వెచ్చటి నేలమీద ముసలాళ్ళు కాళ్ళు దాచుకుని కూర్చున్నారు. బియ్యపు ఉండలు, మక్కొల్లీ కల్లు, కిమ్చీ అట్లు. పెళ్ళిలాగుంది. సమావేశమంటే తప్పించుకోవడానికి ఎన్నో సాకులు చెప్పే అత్తయ్య, ఆ రోజు కర్ర పట్టుకుని అందరికంటే ముందే వచ్చి తెర ఎదురుగా కూర్చుంది.

హారిమ్ దీపాలు ఆర్పించి, గోడమీది తెరమీద మా కొండ పటం వేసింది. ఎరుపు. అడుగునుంచి శిఖరందాకా ఎరుపే. అందరూ నోరెళ్ళబెట్టారు.

"ఎరుపంటే మంటకి మేత ఎక్కువున్న చోటు" అంది. "ఊరికీ కొండకీ మధ్య ఈ గీతలు కనబడుతున్నాయి కదా, ఇక్కడ యాభై అడుగుల వెడల్పున పట్టీ కావాలి. మంట వచ్చి అక్కడ ఆగాలి. ఆ పట్టీ ఎరుపుంటే అందులో పైన్ చెట్లు కొట్టేయాలని కౌంటీ ఆఫీసువాళ్ళ నిర్ణయం. ఈ సాయంత్రం నాలుగింటికి నా నివేదిక వాళ్ళకి ఇవ్వాలి."

చెట్లు కొట్టేయాలా! హాలంతా గుసగుసలు. ఆ పట్టీ ఉత్తరపు వాలు మీదుగానే పోతుంది. నా బండ, నా చోటు అందులోనే. అత్తయ్య చోటు ఎక్కడుందో, అదీ ఆ గీతల మధ్యే ఉంటే, ఇక తెలిసినా తెలియకపోయినా ఒకటే.

"కానీ నాకొక సంతోషం, ఒక అనుమానం" అంది హారిమ్. కంప్యూటరు మీదికి వంగి పటాన్ని పెద్దది చేసింది. "ఈ ఎరుపులో పచ్చటి చుక్కలు చూడండి. గుండ్రంగా, ఒక్కోటి ఒక గది వెడల్పు. కొండ మొత్తంమీద ముప్పై ఏడున్నాయి. వీటికింద పొద లేదు, ఎండుకొమ్మ లేదు. మంటకి మెట్లే లేవు. ఇంత శుభ్రంగా ఎవరు చేస్తున్నారు?"

ఓరి నాయనో.

హాలు మొత్తం తేలు కుట్టిన దొంగల్లా అయిపోయింది. నలభై జతల కళ్ళు ముందు తమ తమ చుక్కల దగ్గరికి పోయాయి, అవి ఉన్నాయని చూసుకున్నాయి, ఆ వెంటనే పక్కవాడి చుక్క ఎక్కడుందా అని వెతకడం మొదలుపెట్టాయి. తాతముత్తాతల నాటి రహస్యాలన్నీ గోడమీద, పిల్లల బొమ్మలా, రంగు వేసి మరీ!

"ఆపండి! ఆపండది!" అని తాల్సూ కేక పెట్టాడు. ఊరి పెద్ద ప్యో లేచి తన కోటు విప్పి ప్రొజెక్టరు మీద విసిరాడు. కోటు జారిపడింది. కిరాణా కొట్టు ముసలమ్మ తెరముందు చేతులు బారచాపి నిలబడింది, ఆవిడ మొహం మీద పచ్చచుక్కలు పడ్డాయి. అవతలివైపు నుంచి ఎవరో, "పక్కకి జరుగు, నీ చుక్కే దాస్తున్నావు!" అని అరిచారు. అత్తయ్య ఒక్కతే కదలకుండా కూర్చుని బియ్యపు ఉండ నములుతోంది.

హారిమ్ బిత్తరపోయింది. "నేనేం తప్పు మాట్లాడాను పిన్నిగారూ?" అని నా చెయ్యి పట్టుకుంది.

"ఏం లేదు తల్లీ. నువ్వు మా బీరువాలన్నీ ఒక్కసారి తెరిచావు, అంతే."

"అడవిపందులు!" అన్నాడు తాల్సూ చెమట తుడుచుకుంటూ. "పందులు దొర్లి దొర్లి శుభ్రం చేసుంటాయి."

"నేను ఒక చోట దిగి చూశాను తాతగారూ. పొద మొదళ్ళు ఏటవాలుగా తెగున్నాయి. పందులకి కొడవళ్ళెక్కడివి?"

అంతటా నవ్వు. తాల్సూ మొహం మాడిపోయింది. హారిమ్ ధైర్యం తెచ్చుకుని మళ్ళీ మొదలుపెట్టింది. ఆ పట్టీలో పద్నాలుగు చుక్కలున్నాయట. ఎవరి చుక్క వాళ్ళు పక్క చుక్కని తాకేదాకా కోసుకుంటూ పోతే పట్టీ అంతా పచ్చబడుతుంది. చెట్టు కొట్టక్కర్లేదు. కాకపోతే ఏటేటా కోస్తామని ఒప్పుకుంటూ చుక్కకొక మనిషి సంతకం పెట్టాలి.

"పేరు లేని చుక్కని ఆఫీసువాళ్ళు ఒప్పుకోరు. అయితే ఎవరివి ఇవి?"

ప్యో గొంతు సవరించుకుని, "నాకైతే కొండమీద పనే ఉండదు" అన్నాడు. "కాళ్ళు పట్టేస్తే నడవడానికి పోతా." కిరాణా ముసలమ్మ, "నేనూ అంతే" అంది. నేను నేలచూపులు చూశా. నేనేం తక్కువ తిన్నానా!

"సరే, కనీసం ఇదొక్కటి చెప్పండి" అంది హారిమ్ దిగులుగా. "ఇది మిగతావాటిలా గుండ్రంగా లేదు. సొరకాయ బుర్రలా రెండు ముడులు, మధ్యలో సన్నటి నడుము. కింది ముడి అద్దంలా ఉంది, మొన్న మొన్న కోసినట్టు. పై ముడిలో మోకాలెత్తు పొద లేచింది. దాన్ని బట్టి చూస్తే రెండేళ్ళుగా ఎవరూ కోయలేదు."

నేను తలెత్తి చూశా. బండ. బండ పక్కన వాగు వంపు. కింది ముడి నాదే! నా చోటుకి ఆనుకుని, నడుము కలిపి, ఇంకొకడి చోటా? ముప్పై ఆరేళ్ళుగా నా నెత్తిమీద ఎవడు కూర్చున్నాడు? నేను ఎప్పుడూ ఆ పై పొదల వరుస దాటలేదు, అటు ఇంకొకరిది ఉండొచ్చని మర్యాదకి.

టక్, టక్ మని కర్ర చప్పుడు. అత్తయ్య లేచింది. కుంటుకుంటూ తెరదాకా పోయి, కర్ర ఎత్తి సొరకాయ మీద పెట్టింది.

"ఇది నాది. బున్యేది. రాసుకో."

తరతరాలుగా మా ఊళ్ళో ఎవరూ అనని మాట అది. నేనూ ఆగలేకపోయా. నోరు జారింది.

"అది నాది!"

అందరూ నావైపు తిరిగారు. తెర వెలుగులో అత్తయ్య మొహం ముడతలన్నీ కదిలాయి.

"కింది ముడి నీది" అంది. "పై ముడి నాది. మొత్తం కాయ ఒకటే."

"నీదెలా అవుతుంది? నేను కనుక్కున్నా! నా అంతట నేను! ఎవరూ చెప్పలా!"

"ఏం వెతుకుతుంటే కనుక్కున్నావే?"

"కొడవ..." అన్నా. ఆగిపోయా.

"ఎవరు పంపారు?"

ఒక్క పొద లేని నేల. సెప్టెంబరు నెల. పదకొండు సోంగులు, ఒక్కటి కూడా కోయకుండా, వరసగా. పొదలు ఎవరు కోశారని ఆ రోజు నాకు తట్టలేదు. ఇరవై అయిదేళ్ళ మొద్దుని! అరవై ఒక్కేళ్ళ మొద్దుని కూడా. రెండేళ్ళ పొద అని ఆ పిల్ల చెప్పినా మోకాలి ఆపరేషన్ గుర్తు రాలేదు నాకు.

"మా అత్త పోయే ముందురోజు చెప్పింది నాకు" అంది అత్తయ్య, నాతో కాదు, హాలుతో. "ఇరవై తొమ్మిదేళ్ళు ఎదురుచూశా. చెప్పేనాటికి నాకు నలభై తొమ్మిది. మోకాళ్ళ నొప్పులు అప్పటికే మొదలయ్యాయి. చావుదాకా ఆగి ఇచ్చేదాంట్లో సుఖమేముంది? ఏడాది తిరక్కుండా సగం దీనికిచ్చేశా. ఇది దొంగమొహంతో వచ్చి కొడవలి దొరకలేదని చెబుతుంటే నవ్వాపుకోలేక చచ్చా."

హాలు పగలబడి నవ్వింది. నేనూ నవ్వుతున్నాననుకున్నా, చెంపలు తడిసిపోయాయి. హారిమ్ కాగితం మీద 'బున్యే, ఓక్బున్' అని పక్కపక్కన రాస్తోంది. ఆ రెండు పేర్లు ఒక కాగితం మీద అలా చూడటం నాకదే మొదటిసారి.

ఇక ఆగింది ఎవరు! తాల్సూ లేచి, "ఆ మూలది... నాదే అనుకోండి" అన్నాడు. ప్యో వెంటనే, "ఆ మూలది నాదయ్యా!" అన్నాడు. తీరా చూస్తే ఒకే చుక్క! ఒకడు పొద్దున, ఒకడు సాయంత్రం పోతూ, రెండోవాడి కోతలన్నీ ప్రకృతి చేసిందని అనుకుంటూ పన్నెండేళ్ళు గడిపారు. "అందుకేనా నాకు ఎప్పుడూ చిన్నవే దొరికేది!" అని తాల్సూ కొట్టబోయాడు, మక్కొల్లీ గిన్నె చేతిలో పెడితే చల్లబడ్డాడు. మూడున్నరకి పద్నాలుగు చుక్కలకీ పేర్లు వచ్చాయి. ఆ పటం మళ్ళీ ఊళ్ళో వేయకూడదని, చూసింది మర్చిపోవాలని, మర్చిపోయినట్టు అందరి ముందూ ఒట్టు వేయాలని తీర్మానం కూడా చేశారు. ఎవరు మర్చిపోతారు? కానీ పక్కవాడి చుక్కలో కాలు పెట్టే సిగ్గులేనివాడు మా ఊళ్ళో లేడు.

ఇంటికొస్తూ దారిపొడవునా అత్తయ్య చెయ్యి వదల్లేదు నేను.

"ఇచ్చానని ఒక్కమాట చెబితే నీ సొమ్మేం పోయేది? నలభై ఏళ్ళు కుళ్ళిపోయా, నన్ను పరాయిదాన్ని చేశావని!"

"చెబితే అది నా చోటయ్యేది. నువ్వు నా చోట్లో కోసుకునేదానివి" అంది. "కనుక్కుంటే నీ చోటు. ఆ ఏడు కొండ దిగి వచ్చినప్పుడు నీ మొహం చూసుకోలేదు నువ్వు. నేను చూశా. అప్పటిదాకా మా ఇంట్లో చుట్టంలా అడుగేసేదానివి. ఆ రోజునుంచి గిన్నెలు చప్పుడయ్యేలా కడగడం మొదలుపెట్టావు."

ముక్కు చీదుకోమని అత్తయ్య తన రుమాలు ఇచ్చింది.

ఇంట్లో అడుగుపెట్టగానే పెరటి కొట్టంలోకి పోయింది. బియ్యం డబ్బాల వెనకనుంచి ఏదో లాగింది. నీలంగుడ్డ చుట్టిన కొడవలి. గుడ్డ రంగు వెలిసింది గానీ, ఇనుముకి తుప్పు లేదు. ఏటా నూనె రాస్తోంది దొంగముసల్ది.

"ఇదిగో" అంది. "దొరికింది."

మర్నాడు ఎండెక్కాక అత్తయ్యని స్కూటరు వెనక కూర్చోబెట్టుకున్నా. అటవీ బాట మలుపుదాకా స్కూటరు మీద, అక్కణ్ణించి నా వీపుమీద. బియ్యం బస్తాలో సగం బరువు లేదు, మాటలు మాత్రం బండెడు. "అటు కాదే, వాగు పక్కనుంచి." "తెలుసు, నా చోటు నాకు చెప్పకు." "నా చోటుకి పోతున్నావు ఇప్పుడు!" అలా పోట్లాడుకుంటూ బండ దాటి, నా ముడి దాటి, ముప్పై ఆరేళ్ళుగా దాటని పొదల వరుస దాటాం. పైముడిలో చెట్లు నా చెట్లకంటే లావుగా ఉన్నాయి. మంచి సగం తనే ఉంచుకుంది, చూశారా!

కొమ్మల సందుల్లోంచి ఎండ పడుతున్న చోట కోటు పరిచి కూర్చోబెట్టా. కొడవలి పట్టుకుని మోకాలెత్తు పొదలమీద పడ్డా. కిందివైపు తాల్సూ, ప్యో పోట్లాడుకుంటూ కోస్తున్న చప్పుడు. పక్క చుక్కలోంచి కిరాణా ముసలమ్మ కూనిరాగం. పట్టీ పొడవునా కొండంతా కొడవళ్ళ మోత. పట్టపగలు, తలలెత్తి, పేర్లు పెట్టి పిలుచుకుంటూ ఊరు ఊరంతా ఆ కొండమీద పనిచేయడం నేనెప్పుడూ చూడలేదు. తలమీద హారిమ్ పురుగు జుయ్‌మంటూ తిరుగుతోంది, ఎరుపు పచ్చబడుతోందా లేదా చూస్తూ.

"మొదలు దగ్గరికి కొయ్యి! ఏటవాలుగా! నీకెవరు నేర్పారే కొడవలి పట్టుకోవడం?" అంది అత్తయ్య.

"మా అత్త" అన్నా.

మధ్యాహ్నానికి సొరకాయ రెండు ముడులూ ఒకేలా అయ్యాయి. కొడవలి తుడిచి, నీలంగుడ్డ మళ్ళీ గట్టిగా చుట్టుకుంటుంటే పోహాంగ్‌నుంచి మిన్జీ ఫోన్ చేసింది. నానమ్మ మోకాలు ఎలా ఉంది, మీరు సరిగ్గా తింటున్నారా, కొండమీద జాగ్రత్త అత్తయ్యా అని. ప్రతి వారమూ ఇదే చేస్తుంది పిచ్చిపిల్ల, నేనే ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

"సెప్టెంబరులో సెలవు పెట్టుకుని రా" అన్నా.

"ఏమైనా పని ఉందా అత్తయ్యా?"

అత్తయ్య నావంక చూసింది. నేను కిందనున్న నా ముడి వంక చూశా, వచ్చే ఆకురాలు కాలానికి అందులో ఏ మూల సోంగుల్ని కోయకుండా ఉంచాలో అనుకుంటూ.

"పెద్ద పనేం లేదు. నా కొడవలి ఒకటి పోయేలా ఉంది" అన్నా. "నువ్వొచ్చి వెతికిపెట్టాలి."